ఉప్పు తక్కువైందన్నాను

నాతో కలిసి హోటల్‌కు రావడం నా భార్య మానేసి చాలా ఏళ్ళయింది. అలిగి కాదు, కొట్లాడి కూడా కాదు. బయట తిందామని నేను ఎప్పుడు అడిగినా ఒకటే మాట.

"నువ్వు పోయి తినిరా అయ్యా. నేను ఇంట్ల ఇంత పచ్చిపులుసు చేసుకొని సుఖంగ తింట."

ఆ 'సుఖంగ' అన్న మాటలో ఏముందో నాకు అప్పుడు పట్టలేదు. హోటల్లో నేనెలా ఉండేవాడినో ఆమె చూసింది, నేను చూసుకోలేదు. ముద్ద నోట్లో పెట్టుకోగానే నా మొహం మారిపోయేది. చెయ్యి పైకి లేచేది. "ఇటు రా బాబూ, ఇది వండిందెవరు?" అని అడిగేవాడిని. పక్క టేబుల్ వాళ్ళు తినడం ఆపి మమ్మల్ని చూసేవారు. నా భార్య తల వంచుకొని కంచంలో గీతలు గీసేది. గిన్నె లోపలికి వెళ్ళేది, కాసేపటికి తిరిగి వచ్చేది, మళ్ళీ వెళ్ళేది. చివరికి ఆమె ఒక ఐస్‌క్రీమ్ తెప్పించుకొని గోడ వైపు తిరిగి తినేది.

గోదావరిఖనిలో నేను నిరాశ పడని హోటల్ లేదు. చౌరస్తాలో మేడ మీద ఏసీ రెస్టారెంటు పెట్టిన కొత్తలో మొదటి వారమే వెళ్ళాను. లోపల వెలుతురు తక్కువ. మెనూ చదవాలంటే బొగ్గు బాయిలో తలకు పెట్టుకునే క్యాప్ ల్యాంపు తెచ్చుకోవాల్సింది అనిపించింది. పప్పు చప్పగా ఉంది. బైపాస్ పక్కన దాబాలో చికెన్ చప్పగా ఉంది. నలుగురం ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కింద కూర్చొని తినే మండీ హోటల్ వచ్చింది, అక్కడా అంతే. బస్టాండు దగ్గర బార్ అండ్ రెస్టారెంటులో వేయించిన పల్లీల్లో కూడా నాకు లోపమే దొరికింది.

ఒకసారి హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అన్న కొడుకు, బీరు అక్కడికక్కడే తయారుచేసి పోసే చోటుకు తీసుకెళ్ళాడు. రాగి డ్రమ్ములు, అద్దాలు, చెవులు పగిలే పాటలు. పొడుగాటి గ్లాసులో వచ్చినదాన్ని ఒక గుక్క తాగి చూశాను.

"ఎట్లుంది బాబాయ్?" అన్నాడు వాడు ఆశగా.

"గింత పెద్ద డ్రమ్ములు పెట్టి గింత చప్పగ చేసుడేందిరా?" అని బల్ల మీదున్న సీసాలోంచి ఇంత ఉప్పు అందులో వేసుకున్నాను. నురుగు పొంగి బల్లంతా పారింది. వాడి స్నేహితులు ఫోన్లు తీసి వీడియోలు పట్టుకున్నారు. అది గౌరవమే అనుకున్నాను ఆ రోజు.

నా జీవితంలో నేను వంక పెట్టని హోటల్ ఒక్కటే. మా బాయి గేటు ముందు రేకుల షెడ్డులో ఒక అక్క నడిపే టిఫిన్ సెంటరు. మొదటి షిఫ్టుకు బాయిలోకి దిగే ముందు అక్కడ ఉప్మా తింటే ప్రాణం లేచివచ్చేది. నేను బాయిలో టింబర్‌మన్‌ని. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. తర్వాత్తర్వాత దుంగలు పోయి ఇనుప బోల్టులు వచ్చాయి గానీ పేరు మాత్రం అదే ఉండిపోయింది. మా జట్టులో పదిమందికి తిండి సంగతిలో నా మాటే ఖరారు.

"అన్నా, కొత్తగ పెట్టిన హోటల్ ఎట్లున్నది?"

"దండగ. ఉప్పు లేదు, కారం లేదు."

వాళ్ళు వెళ్ళి తినివచ్చి, "నువ్వు చెప్పింది నిజమే అన్నా" అనేవారు. ఒక్కరు కూడా కాదన్న పాపాన పోలేదు. పదిమంది ఒప్పుకున్నాక మనిషికి ఇంకేం కావాలి? వండేవాళ్ళకు చెయ్యి ఆడడం లేదని, లోకమంతా చప్పబడిపోయిందని నేను గట్టిగా నమ్మాను.

రిటైర్ అయిన ఏడాదికి, మా బామ్మర్ది, అంటే నా భార్య తమ్ముడు, హోటల్ పెట్టాడు. అతను ఓపెన్ కాస్టు గనిలో కాంట్రాక్టరు కింద డంపర్ నడిపేవాడు. నడుము నొప్పితో ఆ పని మానేసి, ఊళ్ళో తన వాటాకు వచ్చిన పొలం అమ్మి, రామగుండం వెళ్ళే రోడ్డు మీద హాలు కట్టించాడు. పెట్టిన డబ్బు పోతే మళ్ళీ లేచే వయసు కాదు అతనిది. అందుకే వంటకు ఎవరినో ఒకరిని పెట్టుకోలేదు. మందమర్రి నుంచి ఒక భాయ్‌ని పిలిపించాడు. కాలనీల్లో పెళ్ళిళ్ళకు ముప్పై ఏళ్ళుగా బగారా అన్నం వండిన చెయ్యి అది. తన గరిట తను తువ్వాలలో చుట్టుకొని తెచ్చుకుంటాడు. వేరేవాళ్ళ గరిట ముట్టడు.

ప్రారంభం రోజు మధ్యాహ్నం అందరికీ భోజనం. బగారా అన్నం, మటన్ కూర, దాల్చా. పొద్దున్నే మా బామ్మర్ది నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళాడు.

"బావా, నువ్వు ఒక్కసారి నాలుక మీద ఏసి చూడు. నువ్వు బాగుందంటె ఊరంత బాగుందంటది." అంతలో బయట ఎవరో పిలిస్తే, "భాయ్, మా బావకు రుచి చూపియ్యి" అని పరుగెత్తాడు.

వంటింట్లో నేనూ భాయ్ మిగిలాం. ఎసరు మరుగుతోంది. లవంగం, దాల్చినచెక్క వాసన ఆ గదిని నింపేసింది. అతను గరిటతో రెండు చుక్కలు తీసి తన చేతి వెనక వేసుకొని నాలుకకు తాకించుకున్నాడు. తల ఊపాడు. నాకూ చేతి మీద వేశాడు. నేను రుచి చూశాను.

"చప్పగుంది భాయ్."

"బరాబర్ ఉంది దూలేభాయ్" అన్నాడు నవ్వుతూ. యజమాని అక్క మొగుడిని కాబట్టి వాళ్ళ ఇళ్ళలో బావను పిలిచినట్టు నన్నూ పిలిచాడు. "బియ్యం చూసే ఏసిన."

"నేను ముప్పై ఏండ్ల సంది తింటున్న."

"నేను ముప్పై ఏండ్ల సంది వండుతున్న."

ఇద్దరం నవ్వాం. అక్కడితో ఆగిపోవాల్సింది. నేను ఆగలేదు. మటన్ చూశాను, చప్ప. దాల్చా చూశాను, చప్ప. నా మొహం ముడుచుకుంది. "మా బామ్మర్ది ఉన్నదంత ఊడ్చి పెట్టిండు భాయ్. మొదటి రోజే పేరు పోతె ఎట్ల?" అన్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. శుభకార్యంలో ఆ ఇంటి అల్లుడు ఒక మాట అంటే కాదనేవాళ్ళు మా దిక్కున తక్కువ. అల్లుడు అలిగితే ఆ ముచ్చట మనవల పెళ్ళిళ్ళ దాకా నడుస్తుంది. పైగా నాకు ఆ పేరు ముందే ఉంది. ఇదే బామ్మర్ది పెళ్ళిలో మటన్ చప్పగా ఉందని నేను షామియానా కింద విడిగా కుర్చీ వేసుకొని కూర్చున్నాను. మా అత్త పెళ్ళి పనులు వదిలేసి, నా కోసం మళ్ళీ పొయ్యి వెలిగించి గుడ్లు వేయించింది. ఆ పెళ్ళికి వండింది కూడా ఈ భాయే. అది అతను మరచిపోలేదని అతని చూపులోనే తెలిసింది.

అతను పొయ్యి దగ్గర నుంచి పక్కకు జరిగాడు.

"నా చెయ్యి రాదు దూలేభాయ్. మీ చేత్తోని మీరే ఏసుకోండ్రి."

వేశాను. ఎసరులో రెండు పిడికిళ్ళు. మటన్‌లో ఒకటి. దాల్చాలో ఒకటి. గరిట పెట్టి కలిపి మళ్ళీ రుచి చూశాను. అద్భుతం అనిపించింది. "ఇప్పుడయింది వంట" అన్నాను. భాయ్ బియ్యం వేసి మూత పెట్టాడు.

మధ్యాహ్నం హాలు నిండిపోయింది. ఎడమ పక్క పొడుగాటి బల్ల మా జట్టు వాళ్ళది. అందరూ బాయి దిగి పనిచేసినవాళ్ళే. కుడి పక్కన వాళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు, బజారులో దుకాణాల వాళ్ళు. మొదటి వడ్డన అయింది. ఎడమ పక్క నుంచి కేకలు మొదలయ్యాయి.

"ఏం వండిండురా భాయ్! గిదీ బగారా అంటె!"

"ఇన్నేండ్లకు ఒక హోటల్ల ఉప్పు కనబడ్డదన్నా!"

"ఇంకో గంటె మటన్ ఎయ్యి, ఏం చూస్తున్నవ్?"

నా ఛాతీ ఉబ్బింది. మీసం కూడా సవరించుకున్నానేమో గుర్తులేదు. వాళ్ళ మెప్పు పూర్తిగా తాగేశాక తీరిగ్గా కుడి పక్కకు తిరిగాను.

అక్కడ తినే చప్పుడు లేదు, నీళ్ళు పోసుకునే చప్పుడే ఉంది. ఒక పిల్ల నాలుక బయటపెట్టి ఏడుస్తోంది. ఒక పెద్దవ్వ, "ఓ బిడ్డా, పెరుగుంటె ఇంత తేరాదు?" అని వడ్డించేవాడిని బతిమాలుతోంది. పెరుగు ఎప్పుడో అయిపోయింది. నీళ్ళ క్యాన్లు ఒకదాని వెనక ఒకటి ఖాళీ అవుతున్నాయి. మర్యాదస్తులు కంచంలో మిగిలిన అన్నం మీద కాగితం కప్పి, మా బామ్మర్దితో "మంచిగుంది, మంచిగుంది" అని చెప్పి, చెప్పులు వెతుక్కుంటున్నారు. ఒకే డేగ్చాలో వండిన ఒకే అన్నం. హాలు మధ్యలో గీత గీసినట్టు అటు పండగ, ఇటు దాహం.

నా భార్య ఒక ముద్ద తిన్నది. ఆగింది. వంటింటి వైపు చూడలేదు, నా వైపు చూసింది. లేచి నా దగ్గరకు వచ్చింది.

"ఉప్పు ఎవలేసిండ్రు?"

ఆమె వెనకే మా బామ్మర్ది కూడా వచ్చి నిలబడ్డాడు. మొహంలో రక్తం లేదు. ఆ మొహం చూసి నా నోటికి నిజం రాలేదు.

"వంటాయననే" అన్నాను.

ఒక్క మాట. దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఎంత తిరగాల్సి వచ్చిందో తర్వాత తెలిసింది. మా బామ్మర్ది నేరుగా వంటింట్లోకి పోయాడు. నేను గుమ్మం దగ్గర ఆగిపోయాను.

"భాయ్, మా బావ రుచి చూసిండు కద? ఆయన చూసినంక గిట్లెట్లయింది?"

భాయ్ నన్ను చూశాడు. నేను నేల చూశాను.

"నా డేగ్చాల పడ్డ ఉప్పు నాదే" అన్నాడు అతను. "ఎవలనంటరు?"

"నన్ను నిండ ముంచినవ్ భాయ్. రేపటి సంది రాకు."

భాయ్ గరిట కడుక్కున్నాడు. తుడిచి తువ్వాలలో చుట్టుకున్నాడు. నా పక్క నుంచే వెళ్ళాడు గానీ నా వైపు చూడలేదు. చూసి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

మర్నాటికల్లా కంచాల ఫొటోలు ఫోన్లలో తిరిగాయి. "బొగ్గు బాయిలు మస్తు చూసినం, ఉప్పు బాయి గీడనే చూసినం" అని ఎవరో రాశారు. అది చదివి నాకు నవ్వు వచ్చిన మాట నిజం. ఆ నవ్వుకు కూడా సిగ్గుపడ్డాను. హోటల్లో కొత్త వంటవాడు వచ్చాడు గానీ తినేవాళ్ళు రాలేదు. మా బామ్మర్ది ఖాళీ కుర్చీల మధ్య కూర్చొని రోడ్డు చూస్తున్నాడని నా భార్య చెప్పింది.

ఆమె ఆ మాట చెప్పిన మధ్యాహ్నం నాకు కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. మామూలుగా కంచం వచ్చేదాకా ముందు గదిలో టీవీ చూస్తాను. ఆ రోజు లేచి వంటింట్లోకి వెళ్ళాను. నా భార్య గిన్నెలోంచి పప్పు నా కంచంలో వేసింది. తర్వాత పొయ్యి వెనక నుంచి ఒక చిన్న డబ్బా తీసి, అందులోంచి చెంచాడు నా పప్పులో వేసి గబగబా కలిపింది. ఎన్ని వేలసార్లు చేస్తే చేతికి ఆ వేగం వస్తుందో!

"ఏందది?"

ఆమె ఉలిక్కిపడలేదు. "నీ ఉప్పు."

"నా ఉప్పేంది?"

"పిల్లగాండ్లు అన్నం తినుడు మొదలువెట్టినప్పటి సంది నీ ఉప్పు అలగే, ఏరే డబ్బల. అంతకుముందు కుండంత నీ రుచికే వండేదాన్ని. పిల్ల రెండు ముద్దలు తిని కక్కింది. అప్పటి సంది కూర ఒకటే, ఉప్పులు రెండు."

నేను అక్కడే పీట మీద కూలబడ్డాను.

బాయిలో చేరిన మొదటి వారం గుర్తొచ్చింది. లోపల ఉక్క. చెమట కారి కారి బనీను పిండుకునేవాళ్ళం. మూడో రోజు నా పిక్కలు పట్టేసి కింద పడిపోయాను. ఒక పెద్దమనిషి తువ్వాల కొనకు కట్టుకున్న ముడి విప్పి, ఇంత ఉప్పు నా నోట్లో వేసి నీళ్ళు తాగించాడు. "చెమట తోటి ఉప్పు పోతది బిడ్డా, పోయింది పోయినట్టు పెట్టాలె" అన్నాడు. ఆనాటి నుంచి నా మజ్జిగ సీసాలో చారెడు ఉప్పు ఉండేది. జట్టులో అందరి సీసాల్లోనూ ఉండేది. గేటు ముందు అక్క ఉప్మా మాకు ఎందుకంత నచ్చేదో, నేను చప్ప అన్నవన్నీ మా పదిమందికీ చప్పగానే ఎందుకుండేవో అప్పుడు తెలిసింది. ఆమె మా నాలుకలకు వండింది, మిగతా లోకం తన నాలుకకు వండుకుంది. మారిపోయింది లోకం కాదు.

"మరి నాకు చెప్పొద్దా?" అన్నాను.

"చెప్తె ఇంటవా? మా తమ్ముని పెండ్లిల అలిగి షామియాన కింద కూసున్నోనివి." కంచం నా చేతికి ఇచ్చింది. "రిటైర్ అయినంక మెల్లగ తగ్గిద్దామని చూసిన. మొదటి రోజే గిన్నె దూరం జరిపినవ్."

నేను ఆ పప్పు ఒక ముద్ద కలుపుకొని నోట్లో పెట్టుకున్నాను.

"ఆ దినం ఉప్పు ఏసింది నువ్వే కద" అంది. అది ప్రశ్న కాదు.

"ఊ."

తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు. "మా తమ్మునికి చెప్పు. నేను చెప్ప. నువ్వే చెప్పాలె. ఆ భాయ్ పొయ్యి ఆర్పినవ్, అది సూడు ముందుగాల."

తెల్లారే చెప్పేశానని రాస్తే బాగుండేది. ఆరు రోజులు దాటవేశాను. ఒకరోజు మోకాలు నొప్పి అన్నాను, ఒకరోజు వాన వచ్చేలా ఉందన్నాను. నా భార్య మాత్రం మర్నాటి నుంచి ఆ డబ్బా వంటింట్లో కాకుండా నా కంచం పక్కనే పెట్టడం మొదలుపెట్టింది. మూత తీసి, చెంచా వేసి. ఏడో రోజు దాన్ని చూస్తూ తినలేక, రామగుండంలో పాసింజరు ఎక్కి మందమర్రి వెళ్ళాను.

భాయ్ ఇల్లు బజారు వెనక సందులో. గుమ్మం ముందు నులక మంచం మీద కూర్చొని ఎల్లిగడ్డ ఒలుస్తున్నాడు. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. లోపల నుంచి అతని భార్య చాయ్ పంపింది. పనులెలా ఉన్నాయని అడిగాను.

"రెండు పెండ్లిళ్ళోళ్ళు వద్దన్నరు. ఉప్పు మరిచిపోయే వయసొచ్చింది ఈయనకు అని ఒకాయన నా ముంగటనే అన్నడు." ఎల్లిగడ్డ పొట్టు ఊదేశాడు. "ఇంట్ల గూడ మా బేగం నన్ను వండనిస్తలేదు. అదొక్కటి లాభం."

నేను చెప్పాల్సింది దారి పొడుగునా తయారు చేసుకున్నాను. అక్కడికి వచ్చాక రెండు మాటలే వచ్చాయి. "తప్పయింది భాయ్. ఏసింది నేను, పేరు నీది పెట్టిన."

"నాకెందుకు చెప్తున్నరు?" అన్నాడు. "నేను గక్కడనే ఉంటి కద. తెల్సినోనికి చెప్తె ఏమొస్తది దూలేభాయ్? తెల్వనోళ్ళకు చెప్పుండ్రి."

"నువ్వప్పుడే చెప్పకపోతివి?"

"పిలిచినోళ్ళ ఇంటి అల్లున్ని పదిమందిల ఎట్ల పట్టిస్త? మీరు మళ్ళ కుర్చీ పట్టుకొని షామియాన కిందికి పోతె?" అని పెద్దగా నవ్వాడు. లోపల అతని భార్య కూడా నవ్వింది. ఆ ముచ్చట మందమర్రి దాకా వచ్చి ఇన్నేళ్ళుగా బతికే ఉందన్నమాట.

గరిట తెచ్చుకొమ్మని బతిమాలాను. మొదట రానన్నాడు. తర్వాత, "మీరు చెప్పేది నేను వింట. విన్నంక గరిట సంగతి చూస్త" అని చొక్కా తొడుక్కున్నాడు.

మా బామ్మర్ది ఖాళీ హాల్లో కూర్చొని ఉన్నాడు. భాయ్‌ని చూసి లేవబోయాడు. నేను కూర్చోకుండానే చెప్పాను. ఎసరులో రెండు పిడికిళ్ళు, మటన్‌లో ఒకటి, దాల్చాలో ఒకటి. వంటాయననే అన్న అబద్ధం. మందమర్రిలో పోయిన రెండు పెళ్ళిళ్ళు. నా నాలుక సంగతి కూడా చెప్పాను గానీ దాన్ని అడ్డం పెట్టుకోలేదు. నాలుక తప్పు ఉప్పు దాకానే, మిగతాది నాది.

మా బామ్మర్ది భాయ్ దగ్గరకు పోయి రెండు చేతులూ పట్టుకున్నాడు. "మాఫ్ చెయ్యి భాయ్" అన్నాడు. అటు తిరిగే ఉండి, "అక్కకు తెల్సా?" అని నన్ను అడిగాడు.

"తెల్సు."

"అయితె నేను తిట్టే పని లేదు. నా వాటా గూడ ఆమెకే ఇడుస్తున్న."

ఆ తర్వాతి ఆదివారం అదే జనాన్ని మళ్ళీ భోజనానికి పిలిచాం. ఆ ఆలోచన నాదే. ఇంటింటికీ నేనే తిరిగి పిలిచాను. కొందరు "నీళ్ళు మేమే తెచ్చుకోవాల్నా?" అని అడిగారు. వచ్చినవాళ్ళకు వచ్చినట్టు గుమ్మంలో నిలబడి చెప్పాను. "మొన్న ఉప్పు ఎక్కువేసింది నేను. భాయ్ కాదు." మొదటి పదిమందికి చెప్పేటప్పుడు మాట తడబడింది. ఇరవై దాటాక అలవాటైంది. ముప్పై దాటాక కాస్త గట్టిగానే అంటున్నానట. "ఇగ చాలు తియ్యి, మైకు పెట్టుమంటవా?" అంది నా భార్య పక్కనుంచి.

వంటింట్లోకి మాత్రం తొంగిచూడలేదు. గరిట ఎవరి చేతిలో ఉందో వాసనే చెప్పింది.

వడ్డన అయింది. కుడి పక్క నుంచి ఈసారి తినే చప్పుడు వచ్చింది. పెరుగు అడిగిన పెద్దవ్వ మటన్ అడుగుతోంది. ఎడమ పక్క మా జట్టు ముద్ద పెట్టుకొని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"గిదేందన్నా, మొన్న ఎంత మంచిగుండె! ఇయ్యాల చప్పగయింది."

భాయ్ ముందే ఆలోచించి పెట్టాడేమో, ఒక గిన్నెడు ఉప్పు తెచ్చి వాళ్ళ బల్ల మధ్యలో పెట్టాడు. "ఇది మీ బల్లకు మాత్రమే."

నేను మా నాలుకల సంగతి వాళ్ళకు చెప్పాను. చెమట, మజ్జిగ సీసా, పొయ్యి వెనక డబ్బా అన్నీ. వాళ్ళు నమ్మలేదు. "నీ నాలుక గట్ల కావొచ్చు, మాది మంచిగనే ఉన్నది" అన్నాడు ఒకడు, పిడికెడు ఉప్పు కంచంలో కలుపుకుంటూ.

కుడి పక్క నుంచి అతని భార్య గొంతు వినిపించింది. "మంచిగున్నదా? మరి నీ డబ్బ పాత హార్లిక్స్ సీస. అలమార్ల కింది అరల ఉంటది, పోయి చూసుకో."

అంతలో ఇంకో ఆమె, "మా ఇంట్ల స్టీలు గిన్నె" అంది. "మాది చాయ్‌పత్త డబ్బ" అని మరొకామె. "మా అత్త చూపెట్టింది నాకు, మా మామకు గూడ అలగే ఉండేదట" అని ఒక చిన్న వయసు కోడలు. ఆడవాళ్ళ బల్లలన్నీ నవ్వుతో ఊగిపోయాయి. ఇన్ని క్వార్టర్లలో, ఇన్ని పొయ్యిల వెనక, ఇన్నేళ్ళుగా ఒక్క మగవాడికి తెలియకుండా ఇన్ని డబ్బాలు! మా జట్టు పదిమంది పెళ్ళాల వైపు చూడలేక ఉప్పు గిన్నె వైపు చూస్తూ కూర్చున్నారు. ఒకడు మాత్రం ఓపిక పట్టలేక మళ్ళీ ఇంత వేసుకున్నాడు.

నేను ఆ బల్లకు పోలేదు. నా భార్య పక్కన కూర్చున్నాను. ఎన్ని ఏళ్ళ తర్వాతో ఇద్దరం హోటల్లో ఒక బల్ల ముందు. బగారా నోట్లో పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే చప్పగానే ఉంది. లవంగం వాసన తెలిసింది, నెయ్యి తెలిసింది, మిగతాది తెలియలేదు. అలవాటు కొద్దీ నా చెయ్యి బల్ల మీద నుంచి కొద్దిగా లేచింది. వడ్డించేవాడు చూసి దగ్గరకు వచ్చాడు.

"ఏం గావాలె సార్?"

నా భార్య ముద్ద ఆపి నన్ను చూసింది. వంటింటి గుమ్మంలో భాయ్ గరిట పట్టుకొని నిలబడి ఉన్నాడు. గల్లా దగ్గర మా బామ్మర్ది కూడా ఇటే చూస్తున్నాడు.

"మంచినీళ్ళు" అన్నాను.

ఆమె మళ్ళీ తినడం మొదలుపెట్టింది. నేను కూడా తిన్నాను, కంచం ఖాళీ అయ్యేదాకా. వంట ఎలా ఉందో నా నాలుక చెప్పలేకపోయింది గనుక ఆమెను చూస్తూ తిన్నాను. మటన్ బొక్కలో మూలుగను ఆమె చప్పరించి తీయడం పెళ్ళయిన కొత్తలో చూశాను, మళ్ళీ అప్పుడే చూశాను. కాసేపటికి కంచం ముందుకు జరిపి, "బాబూ, ఇంకింత బగారా ఎయ్యి" అంది. హోటల్లో ఆమె రెండోసారి వేయించుకోవడం అదే మొదలు.

భాయ్ అది చూసి లోపలికి వెళ్ళిపోయాడు.